మలుపు మెట్టు మీద అండాలమ్మ

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వైపు వెళ్తుంటే, కొత్తపేట దాటాక, మెయిన్ రోడ్డు వెనకాల గల్లీలో ఒక ఇల్లుంది. లేత గులాబీ రంగు, కింద ఒక వాటా, పైన ఒక వాటా, గేటుకి నాలుక బయటపెట్టిన దిష్టిబొమ్మ. పగలు చూస్తే ఏ విశేషమూ ఉండదు. చీకటి పడ్డాక మాత్రం... ఆ ఇంటి మెట్లెక్కడానికి బయటివాళ్ళెవరూ ఒప్పుకోరు.

బిర్యానీ తెచ్చే కుర్రాడు గేటు దగ్గరే బండి ఆపుతాడు. ఇంజన్ మాత్రం ఆపడు. "సార్, జర కిందికొచ్చి తీస్కోండి సార్" అని ఫోన్లో బతిమాలతాడు. గ్యాసు బండ తెచ్చేవాడు కిందే దించి, దణ్ణం పెట్టి పోతాడు. ఆఖరికి వినాయక చవితి చందాల కుర్రాళ్ళు — కుక్కలకీ భయపడరు, తిట్లకీ భయపడరు — ఆ ఒక్క ఇంటికి కిందనుంచే కేకేసి, జవాబు రాకపోతే బతుకుజీవుడా అని పక్కింటికి వెళ్ళిపోతారు.

ఎందుకంటే ఆ మెట్లు సగందాకా వెళ్ళి ఒకచోట మలుపు తిరుగుతాయి. ఆ మలుపులో... ఎవరో ఉన్నారని పేరు.

ఎక్కేవాళ్ళని కాలివేళ్ళు పట్టి ఆపుతుందట. దిగేవాళ్ళని మడమ పట్టి కిందికి లాగుతుందట. చిత్రమేమిటంటే, ఇంట్లోవాళ్ళ జోలికి రాదు. చుట్టాలు, కొరియర్లు, పక్కింటివాళ్ళు, శుభలేఖలు ఇవ్వడానికొచ్చినవాళ్ళు... ఇంటికి ఎవరైనా వస్తేనే దానికి ఒళ్ళు మంట.

ఈ కథ చెప్పేవాడి ధైర్యం సంగతి కూడా ముందే తెలిసిపోతే మంచిది. రాత్రిపూట ఫ్రిజ్ గుర్రుమంటే దుప్పటి మొహం మీదికి లాక్కునే రకం వాడు. కాబట్టి ఇందులో భయం ఎక్కడైనా కాస్త మొగ్గు తూగితే, ఆ పాపం త్రాసుది కాదు. మిగతాదంతా విన్నది విన్నట్టే.

ఆ ఇంటి ఓనరు విశ్వేశ్వరరావు. ఓనరంటే... కాగితాల మీద ఇల్లు భార్య వేదవతి పేరున ఉంది. అద్దె వసూళ్ళు, అజమాయిషీ, అలకలు మాత్రం ఆయనగారి పేరున నడుస్తాయి. చాలా ఏళ్ళ కిందట తణుకు వైపు నుంచి వచ్చి ఇన్సూరెన్స్ ఏజెంటుగా స్థిరపడ్డాడు. పెళ్ళిభోజనాల్లో పక్కన కూర్చున్నవాణ్ణి, "బాత్రూంలో సబ్బు మీద కాలేసి జారితే మీ కుటుంబం గతేమిటో ఎప్పుడైనా ఆలోచించారా అండీ?" అని అడిగే మనిషి. పాపం ఆ పక్కవాడికి అప్పటికింకా పప్పు కూడా వడ్డించి ఉండరు.

అంతటి జాగ్రత్తపరుడి ఇంటి మెట్లకి పట్టుకోవడానికి రెయిలింగు లేదు. మలుపులో బల్బు ఉండాల్సిన చోట రెండు వైర్లు వేలాడుతుంటాయి. ఎవరన్నా అడిగితే, "మనకి అలవాటేగా" అంటాడు.

నిజమే. అలవాటే. ఎవరికి అలవాటన్నదే అసలు సంగతి.

కూతురు భావనకి పెళ్ళి చేసి పూణే పంపాక, ఆయనకి పాలసీలు పడడం తగ్గింది. ఎవరో చెబితే ఒక వాస్తు సిద్ధాంతిగారిని పిలిపించాడు. ఆయన ఈశాన్యం చూడలేదు, నైరుతి చూడలేదు. పంచె కాస్త పైకెత్తి పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టారు. మొదటి మెట్టు మీద "లాభం" అన్నారు. రెండోదాని మీద "నష్టం." లాభం... నష్టం... లాభం... చివరి మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి నిలబడి, విశ్వేశ్వరరావు వంక జాలిగా చూశారు.

"నష్టం" అన్నారు.

మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి. ఇక్కడ సరి సంఖ్యలో ఉన్నాయి. మొత్తం పగలగొట్టి కట్టించాలంటే తడిసి మోపెడవుతుంది. అందుకని విశ్వేశ్వరరావు సొంత బుర్ర వాడాడు. మలుపులో చదునుగా ఉన్న చోట సగం మేర ఇటుకముక్కలు పరిపించి, పైన ఒక షాబాదు బండ వేయించాడు. నాలుగువేళ్ళ ఎత్తు. నడిచే కాలికి అది మెట్టులా అనిపించదు, కానీ లెక్కకి మెట్టే. ఇప్పుడు గడపముందు మెట్టు మీద లాభం పడుతుంది.

కిందా షాబాదు బండే, పైనా షాబాదు బండే. పట్టపగలే రెండూ కలిసిపోయి ఉంటాయి. చీకట్లో ఇక...

ఆ మలుపుకి చెడ్డపేరు రావడం అప్పుడే మొదలైంది. కానీ దెయ్యానికి పేరంటూ పెట్టింది మాత్రం స్వయానా విశ్వేశ్వరరావే.

అదెలాగంటే—

కింద వాటాలో కనకరాజు కుటుంబం కిరాయికి ఉంటుంది. కనకరాజు సిటీ బస్సు డ్రైవరు. భార్య సుమలత, తల్లి పెంటమ్మ. సుమలత తమ్ముడు జైపాల్ బాటసింగారం పండ్ల మార్కెట్లో పనిచేస్తాడు. ఒకరోజు పొద్దుగూకాక రెండు డబ్బాల బత్తాయిలు పట్టుకొచ్చాడు. ఒకటి అక్కకి, ఇంకోటి "పైన సారుకు." ఆ రెండోదాన్ని భుజానికెత్తుకుని మెట్లెక్కాడు.

మలుపు దాకా అడుగుల చప్పుడు వినపడింది. ఆ తర్వాత ఒక అరుపు... ఆ తర్వాత బత్తాయిలు ఒక్కొక్కటే మెట్లు దిగాయి — టప్... టప్... టప్... అన్నిటికన్నా ఆఖర్న జైపాల్ దిగాడు. తలకిందులుగా.

మణికట్టు విరిగింది.

మర్నాడు ఎండ బాగా వచ్చాక, సుమలత పైకొచ్చి గుమ్మంలో నిలబడింది. "సారూ, మా తమ్ముడు మీ ఇంట్ల పడ్డడు. మీకు పండ్లియ్యబోయి పడ్డడు. దవాఖాన ఖర్చు, పని బంద్... గిదంత ఎవరి జిమ్మేదారి?"

విశ్వేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. ఇలాంటి మాటలు ఆయనకి కొత్త కాదు. జవాబు చెప్పుకోవాల్సిన వైపు కూర్చోవడమే కొత్త.

"చూడమ్మా సుమలతా. మొదటి సంగతి, ఇల్లు నాది కాదు. మా ఆవిడ పేరున ఉంది."

"అయితే అమ్మనే పిలువుండ్రి."

"ఆగమ్మా... రెండో సంగతి..."

రెండో సంగతేమిటో ఆయనకీ తెలీదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అంటే వేదవతి వింటోంది. బండ పేరెత్తితే తప్పు తనది. బల్బు పేరెత్తినా తనదే. రెయిలింగు సంగతి సరేసరి. ఒక్క క్షణం మూడూ కళ్ళముందు గిర్రున తిరిగాయి. ఆ క్షణంలోనే నోట్లోంచి ఊడిపడింది—

"అది పడడం కాదమ్మా. తోసెయ్యడం."

"ఎవరు తోసిన్రు?"

గొంతు తగ్గించాడు. "ఈ స్థలం... కాలనీ కాకముందు ఒక ముసలావిడదట. ఆవిడ ఇంకా ఇక్కడే... ఆవిడకి బయటివాళ్ళంటే గిట్టదు. మీరు భయపడతారని ఇన్నాళ్ళూ చెప్పలేదు."

సుమలత కళ్ళు చిన్నవి చేసింది. "పేరేంది ఆమెది?"

"పేరా... అండాలమ్మ."

ఆ పేరెక్కడినుంచి వచ్చిందో ఆయనకి అంతుపట్టలేదు. తణుకులో ఆ పేరుగలవాళ్ళు తెలీదు. చుట్టాల్లో లేరు, పాలసీదారుల్లో లేరు. నోరు తెరిచాడు, వచ్చేసింది.

"అయితే దెయ్యానికి జిమ్మేదారి ఉండదా సారూ?"

"దెయ్యానికేం బాధ్యతమ్మా! ఏ పాలసీలోనూ రాదు."

సుమలత మెట్ల వైపు తిరిగింది. మలుపు దగ్గర ఒక్కసారి ఆగి, ఆ బండ వంక చూసి, పైకి చూసి... దిగిపోయింది.

సాయంత్రానికల్లా గల్లీ అంతా అండాలమ్మే. పానీపూరీ బండివాడు తెల్లచీర చూశానన్నాడు. ఎదురింటి వాళ్ళకి గాజుల చప్పుడు వినపడింది. ఇక విశ్వేశ్వరరావుకి మంచిరోజులొచ్చాయి. చందాలవాళ్ళు మానేశారు. చెప్పాపెట్టకుండా వచ్చి దిగే దూరపు చుట్టాలు, "మీరే మా ఇంటికి రండి" అనడం మొదలుపెట్టారు. కాఫీపొడి కూడా మిగులుతోందని వేదవతితో మురిసిపోతూ చెప్పాడు. వేదవతి ఆయన వంక ఎలా చూసిందంటే... ఆ చూపు ఇక్కడ రాస్తే బాగోదు.

అలా ఎన్నాళ్ళు నడిచేదో గానీ, ఒక పొద్దున కింద నల్లా దగ్గర పెంటమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ కనిపించింది.

"ఏం సారూ, అండాలమ్మ మన మెట్ల మీన్నే ఉంటుందంట గదా?"

"అవునవును" అన్నాడు విశ్వేశ్వరరావు గంభీరంగా.

"ఉంటది మరి, ఎటు పోతది. గీడనే గదా ఆమె బర్ల కొట్టం ఉండె."

విశ్వేశ్వరరావు చెప్పులో కాలు పెట్టబోయి ఆగాడు. "ఎవరి... కొట్టం?"

"అండాలమ్మది. గీ ఇండ్లు లేనప్పుడు. నేను అప్పుడే కొత్తగ కాపురానికొచ్చిన. పాలు పోస్తుండె మాకు. గామెకు బయటోళ్ళంటే గిట్టదన్నరంట మీరు? తప్పు సారూ. ఇంటికొచ్చినోళ్ళ చేతుల ఏదన్న ఒకటి పెట్టంది పంపకపోతుండె. మస్తు మంచి మనిషి. గామె మనుషుల్ని తోస్తదా?"

"నిజంగానే... అండాలమ్మ అని... ఒకావిడ..."

పెంటమ్మ చిక్కుడుకాయ విరవడం ఆపి ఆయన వంక చూసింది. "గదేంది సారూ? మీరే గదా చెప్పింది!"

ఆ రోజునుంచి విశ్వేశ్వరరావు నడక మారిపోయింది. పొద్దుగూకాక మెట్లెక్కాల్సొస్తే మలుపు రాకముందే దగ్గేవాడు. మలుపులోకి రాగానే, పైవాటాలో వేదవతికి వినపడకుండా, "నేనేనండీ... ఇంటివాణ్ణి" అని నెమ్మదిగా చెప్పుకునేవాడు. తను కల్పించిన దెయ్యానికి తనే గుర్తింపుకార్డు చూపించుకోవాల్సిన గతి పట్టింది.

ఇంతలో పూణే నుంచి ఫోను. భావనకి ఏడో నెల. సీమంతం పుట్టింట్లో చేయించుకుంటానంది.

"ముందు ఆ బండ తీయించండి" అంది వేదవతి ఫోన్ పెట్టగానే.

"బండ తీస్తే ఆఖరి మెట్టు నష్టం మీదికొస్తుందే! కడుపుతో ఉన్న పిల్ల నష్టం మీద కాలుపెట్టి ఇంట్లోకి రావాలా?"

"లాభం మీద బోర్లా పడొచ్చేం?"

"అదేం పరాయిదా? ఇంటిపిల్ల. ఇంట్లోవాళ్ళనెప్పుడన్నా పడేసిందా... ఆవిడ?"

"ఏ ఆవిడండీ? మనం పడట్లేదంటే మన కాళ్ళకి ఆ బండ తెలుసు కాబట్టి. పిల్ల కిందటిసారి వచ్చి వెళ్ళాక వేయించారు మీరది. దాని కాలికేం తెలుసు?"

 ఇరుకున పడినప్పుడు విశ్వేశ్వరరావు "చూద్దాంలే" అంటాడు. అదే అన్నాడు. వేదవతి మాట్లాడడం మానేసింది. ఆవిడ మాట్లాడడం మానేస్తే ఆయనకి గెలిచినట్టు ఉంటుంది. ఇన్నేళ్ళ కాపురంలో నేర్చుకోనిది ఏదన్నా ఉందంటే ఇదే.

కానీ ఆ మాట మాత్రం చెవిలో ఉండిపోయింది. దాని కాలికేం తెలుసు...

భావన వచ్చే రోజు సాయంత్రం మబ్బు పట్టింది. అల్లుడు నాగార్జునతో కలిసి సికింద్రాబాదులో రైలు దిగి, క్యాబులో వస్తున్నారు. "సుమలతతో మాట్లాడి వస్తా" అని వేదవతి కిందికెళ్ళింది. విశ్వేశ్వరరావు పైన ఒక్కడే ఉన్నాడు. ముందుగదిలో లైటు వేసుకుని పేపరు చదువుతున్నాడు. పొద్దున చదివిన పేపరే.

అప్పుడు వినపడింది.

ణంగ్...

మెట్ల వైపునుంచి.

పేపరు కిందికి దించాడు. ఏమీ లేదు. మళ్ళీ పైకెత్తాడు.

ణంగ్... ణంగ్...

సరిగ్గా మలుపు దగ్గర. ఎవరో రాతిని రాతితో కొడుతున్నట్టు. తర్వాత బర్ర్‌ర్‌మని... బరువైనదేదో ఈడ్చుకుపోతున్న చప్పుడు. మధ్యమధ్య గుసగుసలు. మాటలు తెలియడం లేదు గానీ, అందులో ఒక ఆడగొంతు ఉంది. ఆ గొంతు... నవ్వుతోంది.

తలుపు తీసి చూడొచ్చు. మగవాడన్నవాడు అదే చేస్తాడు. విశ్వేశ్వరరావు లేచి వెళ్ళి తలుపుకి పైగడియ కూడా పెట్టి, ఫోన్లో దండకం పెట్టుకుని, సౌండు పూర్తిగా పెంచి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

ఎంతసేపు కూర్చున్నాడో తెలీదు. తలుపు దబదబ బాదారు.

"ఏవండీ! పైగడియ పెట్టుకున్నారేం?"

వేదవతి. చేతులకి దుమ్ము. చీర చెంగు నడుముకి దోపి ఉంది. ఆయన మొహం చూసి ఏదో చెప్పబోయి, పెదవి బిగపట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"మెట్ల మీద... నీకేమైనా వినపడిందా?"

"ఏం వినపడాలి?"

అంతలో పెద్ద ఉరుము. వాన ఒక్కసారిగా మీదపడింది. ఆ వెంటనే కరెంటు పోయింది. గల్లీ అంతా నల్లబడింది.

ఆ చీకట్లో ఫోను మోగింది. భావన!

"నాన్నా, గల్లీ మొదట్లోకి వచ్చేశాం. లోపలికి రాలేనంటున్నాడు క్యాబ్ అతను, నీళ్ళు నిలిచాయట. ఆయన సామాన్లు దింపుతున్నారు. నేను తడవకుండా ముందు వచ్చేస్తున్నా..."

"వద్దు! మెట్లెక్కకు! కిందే ఉండు, నేను..."

ఫోను చచ్చిపోయింది. ఉన్న చార్జింగంతా దండకానికి అయిపోయింది.

దాని కాలికేం తెలుసు... దాని కాలికేం తెలుసు...

విశ్వేశ్వరరావు లేచాడు. ఆ క్షణాన ఆయనకి వాస్తు లేదు, లాభం లేదు, అండాలమ్మ కూడా లేదు. కడుపుతో ఉన్న కూతురు ఆ మలుపులో చీకట్లో కాలెత్తుతోంది... అదొక్కటే కళ్ళముందు ఉంది. తలుపు తీసి పరిగెత్తాడు.

"ఏవండీ, ఆగండి! మీకొకటి చెప్పాలి. ఆ మెట్టు—" వెనకనుంచి వేదవతి.

ఆగలేదు. చీకటి చిక్కగా ఉంది. గోడ తడుముకుంటూ పైమెట్లు దిగాడు. ఆఖరిది కాస్త లోతుగా తగిలినా ఆ కంగారులో పట్టించుకోలేదు. మలుపు వచ్చింది. ఇక్కడ బండ. బండ అంచు. అంచు దాటితే నాలుగువేళ్ళ లోతు... కాలికి కంఠతా వచ్చు. ఆ లోతులోకి కాలు వదిలాడు.

లోతు లేదు.

నేల పైకొచ్చింది. అరికాలి కింద ఎవరో అరచెయ్యి పెట్టి... పైకి నెట్టినట్టు.

మోకాలు ఝల్లుమంది. ముందుకి తూలాడు. పట్టుకుందామని చెయ్యి చాచాడు. రెయిలింగు ఉండాల్సిన చోట గాలి తగిలింది. ఆ తర్వాత మిగిలిన మెట్లన్నీ ఆయన కూర్చునే దిగాడు. ఒక్కటి కూడా వదలకుండా.

"అమ్మో... అండాలమ్మా... నేనేనండీ... ఇంటివాణ్ణీ..."

కింద తలుపు తెరుచుకుంది. సెల్లు వెలుగులో సుమలత, పక్కన జైపాల్. విరిగిన చెయ్యి పిండికట్టుతో మెడలో వేలాడుతోంది. రెండో చెయ్యి విశ్వేశ్వరరావు చంక కింద వేసి లేపాడు.

"పైలం సారూ... పైలం. కాలు బెణికినట్టుంది. లోపటికి పట్టు అక్కా."

ఇద్దరూ మోసుకెళ్ళి వాళ్ళ మంచం మీద పడుకోబెట్టారు. చీలమండ అప్పటికే పొంగిన పూరీలా ఉంది.

అప్పుడు... గేటు కిర్రుమంది.

అడుగులు. గబగబా, తడిచెప్పులతో. మెట్ల వైపు వెళ్తున్నాయి.

"భావనా..." అన్నాడు. ఆ మాట వానచప్పుడులో గుమ్మం కూడా దాటలేదు. "ఆపండి... ఎవరన్నా దాన్ని ఆపండి..."

ఈడ్చుకుని మంచం దిగబోయాడు. సుమలత భుజం నొక్కి పట్టింది. నవ్వు ఆపుకుంటోంది. "ఏం గాదు సారూ, గట్లనే పండుండ్రి."

ఒక్కో మెట్టు... ఒక్కో మెట్టు... అడుగులు మలుపు దగ్గరికి వచ్చాయి.

ఆగిపోయాయి.

వానచప్పుడు.  ఏదో చిన్న మాట వినపడింది, గుసగుసకంటే తక్కువ. మళ్ళీ అడుగులు కదిలాయి. నెమ్మదిగా. కానీ ఈసారి... ఒక జత కాదు. రెండు జతలు. తడిచెప్పులు ఒకరివి. ఇంకొకరివి ఉత్తికాళ్ళు.

వేదవతి ఎదురొచ్చి ఉంటుంది, అనుకున్నాడు.

పైన తలుపు చప్పుడైంది. "అమ్మా!" అన్న కేక. ఆ వెంటనే వేదవతి నవ్వు. విశ్వేశ్వరరావు కళ్ళవెంట నీళ్ళు జారాయి. కాలు నొప్పికని జైపాల్ అనుకున్నాడు. అనుకోనిచ్చాడు.

కాసేపటికి తల్లీకూతుళ్ళిద్దరూ ఎమర్జెన్సీ లైటు పట్టుకుని కిందికి దిగారు. ముందు వేదవతి, వెనక పొట్టమీద చెయ్యివేసుకుని భావన. నాగార్జున రెండు సూట్‌కేసులతో, తడిసి ముద్దయి, అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు. "ఏమైంది మావయ్యగారూ?"

"ఏమీ లేదయ్యా" అంది వేదవతి. "తీసేసిన మెట్టు మీద కాలేశారు."

"తీసేసిన..." విశ్వేశ్వరరావు లేచి కూర్చున్నాడు. "ఎవరు తీసేశారు?"

"ఇందాక కనకరాజు డ్యూటీకి పోయే ముందు గడ్డపారతో లేపిండు సారూ" అన్నాడు జైపాల్. "నేను ఒంటిచేత్తోటి గుంజిన. అమ్మ, అక్క ఇటుకలు ఎత్తిన్రు. మీరు లోపట దండకం పెట్టుకున్నరు గద, ఆ సప్పుడుకి మాకు మస్తు నవ్వొచ్చింది."

"నాకు చెప్పకుండా! చెప్పకుండా నా ఇంట్లో—"

"ఎవరింట్లో?" అంది వేదవతి.

విశ్వేశ్వరరావు వాచిన చీలమండ వంక చూసుకున్నాడు.

"ఇల్లు నా పేరున ఉందని మీరేగా చెప్పారు? అందుకే తీయించాను. జైపాల్ దవాఖాన ఖర్చు కూడా నేనే పెట్టుకుంటున్నా. నా ఇంటికొచ్చి పడ్డాడు కాబట్టి."

"మరి నా కాలు? నాకెవరు బాధ్యత? ఓనరువి నువ్వేగా!"

"వెనకనుంచి అరిచాను, ఆగారా? అయినా మిమ్మల్ని తోసింది నేనా? అండాలమ్మేమో." వేదవతి లైటు బల్లమీద పెట్టింది. "దెయ్యానికి బాధ్యత ఉండదటగా."

సుమలత ఇక ఆపుకోలేకపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. జైపాల్ పిండికట్టు ఎగిరెగిరి పడుతోంది. చివరికి విశ్వేశ్వరరావుకే నవ్వొచ్చింది, నవ్వితే కాలు సలిపింది, "అబ్బా" అన్నాడు.

"జైపాలూ" అన్నాడు విశ్వేశ్వరరావు. "నీ చెయ్యి... నా వల్లే విరిగిందయ్యా. బండ నేనే వేయించాను."

"ఎర్కే సారూ. బత్తాయిల కంటే ముందు నా మొకమే తాకింది గా బండకు."

"ఏదైతేనేం, పిల్ల క్షేమంగా ఎక్కింది" అన్నాడు విశ్వేశ్వరరావు వెనక్కి వాలుతూ. "నువ్వు ఎదురెళ్ళి ఎక్కించావు కాబట్టి సరిపోయింది, వేదా."

"నేనెక్కడ వెళ్ళాను? మీరు పడ్డ చప్పుడు విని, లైటు ఎక్కడుందో వెతుక్కుంటున్నా. ఇది వచ్చి తలుపు కొట్టింది."

"అమ్మ కాదు నాన్నా" అంది భావన. "మలుపు దగ్గర ఏమీ కనపడక భయమేసి ఆగిపోయాను. ఒక పెద్దావిడ మోచెయ్యి పట్టుకుంది. 'బండ తీసేసిన్రు బిడ్డా, ఇప్పుడు సాపుగుంది, పైలంగ ఎక్కు' అంది. గడపదాకా వచ్చింది. కింద వాటా పెంటమ్మగారు కదూ? చెయ్యి చల్లగా ఉంది. పచ్చిపాల వాసన."



సుమలత నోట్లోంచి కొంగు జారిపోయింది. "అత్తమ్మ... పొద్దున్నే చంపాపేట్ పోయింది, మా ఆడబిడ్డ రాణి ఇంటికి."

అదే సమయానికి ఆమె ఫోను మోగింది. అందరూ ఉలిక్కిపడ్డారు. స్పీకర్లో పెంటమ్మ గొంతు — "ఏమే సుమా, ఆడ గూడ వాన దంచుతుందా? పైసారు బిడ్డ ఒచ్చిందా? పైలంగ ఎక్కిందా?"

"ఎక్కింది అత్తమ్మా" అంది సుమలత, మెట్ల వైపు చూస్తూ.

విశ్వేశ్వరరావు గది చుట్టూ చూశాడు. వేదవతి, భావన, నాగార్జున, సుమలత, జైపాల్. ఇంట్లో ఉన్నవాళ్ళందరూ ఇక్కడే ఉన్నారు.

"ఆ మలుపులో ఒక బల్బు పెట్టాలి" అన్నాడు నెమ్మదిగా.

"కరెంటు రానియ్ సారూ, రేపు పెడదం."

"రేపు కాదయ్యా. ఇప్పుడే. వచ్చినప్పుడు వెలుగుతుంది."

జైపాల్ అరలోంచి బల్బు తీశాడు. నాగార్జున స్టూలు ఎత్తాడు. ఇద్దరూ గుమ్మం దాకా వెళ్ళారు. గుమ్మం దగ్గర ఇద్దరూ ఒకరికొకరు దారి ఇచ్చుకున్నారు. ఎంతసేపటికీ ఇచ్చుకుంటూనే ఉన్నారు.

"సారూ" అన్నాడు జైపాల్ వెనక్కి తిరిగి, "ఇంటోళ్ళ జోలికి రాదంటరు గద. మీరే జర..."

అప్పుడు వినపడింది.

మెట్ల మీదనుంచి. మలుపు దగ్గర మొదలై...

టప్...

ఒక మెట్టు దిగి...

టప్...

ఇంకో మెట్టు దిగి...

టప్.

గుమ్మం దాటి, జైపాల్ కాళ్ళ మధ్యనుంచి దొర్లుకుంటూ వచ్చి, భావన పాదాల దగ్గర ఆగింది. ఎమర్జెన్సీ లైటు వెలుగులో పచ్చగా మెరుస్తోంది. బత్తాయి. తాజాది. తొడిమకి ఆకు కూడా ఉంది.

విశ్వేశ్వరరావు జైపాల్ వంక చూశాడు.

"ఇయ్యాల నేనేం తేలేదు సారూ" అన్నాడు జైపాల్.